వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు: డ్రైవర్ కంటే ముందు వైరు చూడండి

ఎండాకాలంలో ఒకరోజు గుంటూరు బ్రాడీపేట నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, సీపీయూలో కొత్త వైర్‌లెస్ కార్డు వేయించాను. వైఫై బాగానే వస్తోంది, బ్లూటూత్ మాత్రం అసలు కనిపించట్లేదు. షాపులో అడిగితే డ్రైవర్ (కార్డుని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) పోయింది, ఫార్మాట్ కొట్టాలంటున్నారు" అన్నాడు. బాబాయి మిర్చి యార్డు లెక్కలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఫార్మాట్ అనేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఏమీ చేయొద్దని చెప్పి వెళ్ళి సైడు ప్యానెల్ తీశాను. కార్డుతో పాటు వచ్చిన చిన్న వైరు ఇంకా డబ్బాలోనే ఉంది. దాన్ని మదర్‌బోర్డుకి తగిలించగానే బ్లూటూత్ వచ్చేసింది.

వైఫై ఉంది, డివైజ్ మేనేజర్‌లో బ్లూటూత్ పేరే లేదు

డివైజ్ మేనేజర్ అంటే కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపించే విండోస్ పేజీ. ఎక్కువ మందికి వచ్చే సమస్య ఇదే. కార్డు చూడడానికి ఒకటే అయినా లోపల రెండు పరికరాలున్నట్టు లెక్క. వైఫై, మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ద్వారా నడుస్తుంది. బ్లూటూత్ యూఎస్‌బీ ద్వారా నడుస్తుంది. ఆ స్లాట్‌లో యూఎస్‌బీ లైన్లు ఉండవు కాబట్టే కంపెనీ విడిగా వైరు ఇస్తుంది. అది లేకపోతే బ్లూటూత్ ఉన్న సంగతే విండోస్‌కి తెలియదు. అలాంటప్పుడు ఎన్ని డ్రైవర్లు వేసినా ఫలితం ఉండదు.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, మదర్‌బోర్డు అంచున యూఎస్‌బీ అని రాసి ఉన్న పిన్నులు వెతకండి. రెండు వరుసల్లో మొత్తం 9 పిన్నులుంటాయి, ఒక మూల ఖాళీ. కనెక్టర్‌లో మూసి ఉన్న రంధ్రం ఆ ఖాళీ దగ్గరికి రావాలి. బలవంతంగా నొక్కొద్దు, అక్కడ 5 వోల్టుల కరెంటు ఉంటుంది, తిరగేసి పెడితే కార్డో బోర్డో పోవచ్చు. పక్కనే ఉండే పెద్ద యూఎస్‌బీ 3 కనెక్టర్ దీనికి సరిపోదు. ఉన్న ఒక్క చోటూ కేబినెట్ ముందు పోర్టులు ఆక్రమించి ఉంటే, ఒకదాన్ని రెండుగా చేసే చిన్న హబ్ దొరుకుతుంది. మదర్‌బోర్డు మీదే ఎం.2 స్లాట్‌లో కూర్చునే వైఫై కార్డుకైతే ఈ వైరు అక్కర్లేదు.

కోడ్ 10, కోడ్ 43, లేదా "అన్‌నోన్ యూఎస్‌బీ డివైజ్"

నిన్నటిదాకా బాగా పనిచేసి, కరెంటు పోయి వచ్చాకో, స్లీప్ నుంచి లేచాకో డివైజ్ మేనేజర్‌లో బ్లూటూత్ పక్కన పసుపు త్రికోణం, ప్రాపర్టీస్‌లో ఈ కోడ్‌లు కనిపిస్తే చాలాసార్లు కార్డు హ్యాంగ్ అయిపోయిందని అర్థం. రీస్టార్ట్ చేశాం కదా అంటారు. షట్‌డౌన్ చేసినా ప్లగ్ ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. దాంతో కార్డు అదే స్థితిలో ఉండిపోతుంది. షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, ప్లగ్ పూర్తిగా పీకండి. పవర్ బటన్‌ని 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టండి. నా చేతిలో బాగైన కార్డుల్లో సగం ఇలా లేచినవే.

మళ్ళీ మళ్ళీ వస్తుంటే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అప్పటికీ కోడ్ 43 పోకపోతే వైరుని ఇంకో యూఎస్‌బీ పిన్నులకి మార్చి చూడండి.

కోడ్ 28

డ్రైవర్ నిజంగా లేనిది ఇక్కడే. వైఫై డ్రైవర్ వేస్తే బ్లూటూత్‌ది కూడా పడిందనుకోవద్దు, సాధారణంగా రెండూ వేరు. డివైజ్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఉన్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ (తయారీ కంపెనీ నంబరు) తర్వాత 8087 ఉంటే ఇంటెల్, 0బీడీఏ ఉంటే రియల్‌టెక్. ఇంటెల్ అయితే వాళ్ళ సైట్ నుంచే, మిగతావైతే కార్డు కంపెనీ సైట్ నుంచి తీసుకోండి. డ్రైవర్లన్నీ ఒకేచోట ఇస్తామనే ప్రోగ్రాములు దయచేసి వేసుకోవద్దు, వాటితో వచ్చే చెత్త తీయడానికే ఒక పూట పడుతుంది. ఇంటెల్ ఏఎక్స్210 అనే కార్డుకి 64 బిట్ విండోస్ 10 గానీ 11 గానీ ఉండాలి. పాత విండోస్ 7 మీద గంటలు వృథా చేసుకోకండి.

అప్‌డేట్ పడిన మర్నాడే పోయిందంటే, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ తెరిచి రోల్ బ్యాక్ నొక్కితే పాతది వస్తుంది. డివైజ్ మేనేజర్‌లో అంతా సరిగ్గానే ఉండి కనెక్ట్ కాకపోతే, విండోస్ సర్వీసెస్ జాబితాలో బ్లూటూత్ సపోర్ట్ సర్వీస్ ఆగిపోయిందేమో చూసి స్టార్ట్ చేయండి.

కనెక్ట్ అవుతుంది, పాట మధ్యలో తెగిపోతుంది

ఇది చాలాసార్లు డ్రైవర్ జబ్బు కాదు. కార్డు వెనక యాంటెన్నాలు బిగించారా? చాలా కార్డుల్లో బ్లూటూత్‌కీ అవే దిక్కు. కేబినెట్ బల్ల కింద గోడకి ఆనించి ఉంటే, రేకు డబ్బా సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. వైరుతో వచ్చే యాంటెన్నా ఉంటే బల్ల మీద పెట్టండి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ దగ్గరున్నా ఇబ్బందే. దాన్నుంచి వచ్చే రేడియో రొద బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది.

ఇవన్నీ చేసినా రాకపోతే కార్డుని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా రాకపోతే కార్డే పోయినట్టు. వైఫై బాగుంటే కార్డు మార్చకుండా ఒక యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్ పెట్టుకోవచ్చు. అయితే విండోస్ ఒకసారికి ఒక బ్లూటూత్ రేడియోనే వాడుకోగలదు కాబట్టి, ముందు పాత కార్డు నుంచి మదర్‌బోర్డుకి వెళ్ళే యూఎస్‌బీ వైరు తీసేయండి.