నాన్నా, నేనే: పోయినవాళ్ళకి చెప్పాల్సిన మాట రాసుకోవడం ఎలా

నేను తణుకులో దస్తావేజులు టైపు చేస్తాను. పొద్దున్న పది నుంచి సాయంత్రం దాకా అమ్మకం, దానం, భాగపంపిణీ, వీలునామా. వీలునామా అంటే పోయేవాళ్ళు ఉండేవాళ్ళకి చెప్పే మాట. ఉండేవాళ్ళు పోయినవాళ్ళకి చెప్పాల్సిన మాట రాయమని మాత్రం మా దగ్గరికి ఎవరూ రారు. 2017లో మా నాన్న పోయాక అలాంటిది ఒకటి నాకోసం నేనే రాసుకోవాల్సి వచ్చింది. ఎక్కడ ఆగిపోయానో, ఎలా కదిలిందో చెబుతాను. మీ లోపలా అలాంటి మాట ఉండిపోయి ఉంటే పనికొస్తుంది.

మొదట ఆగిపోయింది సంబోధన దగ్గరే. బళ్ళో నేర్పినట్టు "పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టాను. మూడు సార్లు మొదలుపెట్టినా రెండో వాక్యం రాలేదు. నేను మా నాన్నని ఎప్పుడూ "గారు" అనలేదు, "నువ్వు" అనే పిలిచేదాన్ని. నాలుగోసారి "నాన్నా, నేనే" అని రాశాను. ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ నేను అనే మాట అది. అక్కడి నుంచి పేజీన్నర ఆగకుండా వచ్చింది. కాబట్టి ఆ మనిషిని ఏమని పిలిచేవారో అదే రాయండి. అత్తయ్యని "మీరు" అంటే "మీరు", అన్నని "ఒరేయ్" అంటే "ఒరేయ్". మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయండి. పోయారు కదా అని గౌరవం పెంచితే ఎదురుగా కొత్త మనిషి వచ్చి కూర్చుంటాడు.

రోజు ముందే అనుకోండి, లేకపోతే వాయిదా పడుతుంది. మన దగ్గర ఇందుకు రోజులు ఉన్నాయి. మా గోదావరి వైపు సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతాం. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దల పేరు మీద స్వయంపాకం ఇస్తారు, ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ కూడా మొదలవుతుంది. మా వీధిలో చర్చికి వెళ్ళేవాళ్ళు నవంబర్ 2న సమాధులకి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. కరీంనగర్ కార్ఖానగడ్డలో కొన్ని కుటుంబాలైతే దీపావళి దీపాలు సమాధుల దగ్గరే పెట్టుకుంటాయి. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. మీకు ఏది అలవాటైతే దానికి ముందు రోజు రాయడానికి కూర్చోండి. కర్మకాండ మా తమ్ముడు చేశాడు. నేను పన్నెండు రోజులూ వంటింట్లోనే ఉన్నాను. ఆడపిల్లగా నాకంటూ చెప్పుకునే మంత్రం ఒక్కటీ లేదు, అందుకే ఈ ఉత్తరం నాకు అంత అవసరమైంది.

ఇక అసలు పని. దస్తావేజులో హద్దులు రాయకపోతే ఏ భూమో తెలియదు: తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఏ బోదె. ఉత్తరానికీ హద్దులు కావాలి. "నువ్వు మాకోసం ఎంతో చేశావు" అని రాస్తే అది ఎవరి నాన్నకైనా సరిపోతుంది. ఏ ఏడు, ఏ గది, చేతిలో ఏముంది, ఇవి రాయండి. చిన్నదానితోనే మొదలుపెట్టండి, పెద్దదానికి చెయ్యి ఆడదు.

నేను మొదలుపెట్టింది ఒక దుప్పటితో. 1995లో రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. నాన్నది నిడదవోలులో సైకిల్ షాపు. నెలనెలా మనియార్డర్ వచ్చేది. అప్పట్లో ఫారం కింది ముక్క మీద కబురు రాయడానికి కాస్త జాగా ఉండేది, డబ్బులిచ్చేటప్పుడు పోస్ట్‌మ్యాన్ అది చింపి మనకిచ్చేవాడు. ఆ డిసెంబరులో నూట ఇరవై రూపాయలు ఎక్కువ వచ్చాయి. ముక్క మీద "చలి. దుప్పటి కొనుక్కో. నాన్న" అని ఉంది. పక్కన గ్రీజు అంటిన బొటనవేలి ముద్ర, గీతలతో సహా కనిపిస్తుంది. నేను దుప్పటి కొనలేదు. స్నేహితులతో సినిమాకి వెళ్ళి, మిగిలిన డబ్బులతో చెప్పులు కొన్నాను. సంక్రాంతికి ఇంటికి వెళ్తే "వెచ్చగా ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను.

ఇరవై రెండేళ్ళు మోసిన అబద్ధం అది. ఎంత చిన్నదైనా, ఉత్తరంలో మొదట రాయగలిగింది దాన్నే.

మన ఇళ్ళలో "థాంక్స్", "సారీ" అనుకోం. నాన్నకి థాంక్స్ చెబితే "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంటాడు. అందుకని ఆ మాటల కోసం వెతుక్కోకండి. మన దగ్గర ప్రేమైనా, తప్పు ఒప్పుకోవడమైనా వస్తువుల మీదుగానే నడుస్తుంది. "ఆ ముక్క ఇంకా నా దగ్గరుంది నాన్నా" అని రాస్తే చాలు.

చిన్నవి ఒకటి రెండు రాశాక పెద్దది దానంతట అదే ముందుకొస్తుంది. మా ఇంట్లో అది "అల్సర్" అన్న మాట. కడుపులో క్యాన్సర్ అని డాక్టరు తమ్ముడికి వరండాలో చెప్పారు. నాన్నకి చెప్పొద్దని ఇంటిల్లిపాదీ అనుకున్నాం, అల్సర్ అన్నాం. నాలుగు నెలలు కారం తగ్గించి వండిపెట్టాం. చాలా ఇళ్ళలో ఇలాగే చేస్తారు, మనిషి బెంగపెట్టుకుంటాడని. కానీ జబ్బు పేరు దాచాక ఇంకేం మాట్లాడగలం? పోతాడని తెలిసినట్టు మాట్లాడితే దొరికిపోతాం. చెప్పాల్సినవన్నీ ఆ ఒక్క మాట వెనకే ఆగిపోయాయి. ఒక రాత్రి "అమ్మాయ్, ఇది తగ్గేదేనా?" అని అడిగాడు. "తగ్గుతుంది నాన్నా, మందులేసుకో" అని లేచి ఫ్యాను పెంచాను. కాసేపు నా వైపు చూసి, షాపు బాకీల పుస్తకం ఎక్కడుందో అడిగాడు.

మూడో పేజీలో రాశాను: "నాన్నా, అది అల్సర్ కాదు. మాకు మొదటి రోజే తెలుసు. నీతో అనే ధైర్యం నాకు చాలలేదు." అంతే. "ఎందుకంటే" అని మొదలుపెట్టబోయి కొట్టేశాను. ఇలాంటి వాక్యం తర్వాత కారణాలు రాయకండి, అవి మన వకాల్తా అయిపోతాయి. కోపం ఉంటే అదీ రాయండి. పోయినవాళ్ళని తిట్టకూడదని పెద్దలంటారు. తాగి కొట్టిన తండ్రికి రాసేవాళ్ళు మాత్రం ఆ మాట పక్కన పెట్టాలి, ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

రాసిన రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటి పరిశోధకురాలితో కలిసి 1986లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. రోజుకి 15 నిమిషాల చొప్పున 4 రోజులు విద్యార్థుల చేత తమని బాగా కలచివేసిన సంగతులు రాయించారు. జరిగిందీ, తమకి అనిపించిందీ రెండూ రాసినవాళ్ళకి రాయగానే దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. నేనూ ఒకే రాత్రి కూర్చోకుండా నాలుగు రోజులు పంచుకున్నాను. మనిషి పోయి ఇంకా నెలైనా కాకపోతే తొందరపడకండి. రోజులు గడిచినా తిండీ నిద్రా సరిగ్గా లేకపోయినా, తనతో పాటే పోవాలనిపించినా, కాగితం పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులేం పడవు, తెలుగులో మాట్లాడతారు.

తర్వాత పైకి చదవాలి. మనసులో చదువుకుంటే సరిపోదు, గొంతు దాటాలి. నేను కొవ్వూరు గోష్పాద రేవులో పొద్దున్న ఆరింటికి మెట్ల మీద కూర్చుని చదివాను. దుప్పటి దగ్గర గొంతు బాగానే ఉంది, "మొదటి రోజే తెలుసు" దగ్గర పోయింది. కాసేపాగి ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాను. వాళ్ళ తరఫున జవాబు మాత్రం మీరే రాసుకోకండి. "క్షమించానమ్మా" అని నాన్న గొంతుతో రాయాలని నాకూ అనిపించింది. అది నేను రాస్తే అల్సర్ లాంటి మాటే ఇంకొకటి అవుతుంది.

కాగితం నీళ్ళలో వదలాలనే వెళ్ళాను, వదలలేకపోయాను. మనియార్డర్ ముక్కలున్న బిస్కెట్ డబ్బాలో పెట్టాను. కాల్చినా, పాతిపెట్టినా మీ ఇష్టం. ఫోన్లో ఫొటో తీసి మాత్రం ఎవరికీ పంపకండి, అది ఒక్కరికి రాసిన ఉత్తరం.

చివరగా, మాటకి తోడు చేయగలిగిన పని ఏదైనా ఉంటే చేయండి. ఆ ఏడు సంక్రాంతికి నాన్న పటం ముందు కొత్త పంచెతో పాటు ఒక దుప్పటి కూడా పెట్టాను, గోధుమరంగు గళ్ళది. ఎందుకని ఎవరూ అడగలేదు. పంచె తమ్ముడు కట్టుకున్నాడు. దుప్పటి అమ్మ కప్పుకుంటోంది.