తాళం వేసిన కొండ ఇంటికి దసరా సెలవుల్లో

మా కోడలి పుట్టింటివారిది ఉత్తరాఖండ్‌లో అల్మోరా దగ్గర పల్లె. వాళ్ళుండేది ఢిల్లీలో. ఊళ్ళో తాతలనాటి ఇల్లు ఏడాదిలో చాలా నెలలు తాళం వేసే ఉంటుంది, కులదేవత పూజకు చుట్టాలంతా చేరినప్పుడు తెరుస్తారు. నెల్లూరు జిల్లా కావలి నుంచి మేమూ పిల్లాజెల్లాతో వెళ్తుంటాం. మీకూ అలాంటి పిలుపు వస్తే ఏమేం చూసుకోవాలో చెప్తాను.

ఎండాకాలం సెలవుల్లో మాత్రం వద్దు. మే నెల వడగాడ్పుల్లో హిమాలయాలనగానే మనకు ప్రాణం లేచొస్తుంది, కాదనను. కానీ ఆ రోజుల్లో అక్కడ పైన్ అడవులు అంటుకుని పొగ కమ్మేస్తుంది, మంచు కొండలు కనపడవు. దారిలో నీమ్ కరోలీ బాబా ఆశ్రమం కైంచీ ధామ్ దగ్గర, అందులోనూ జూన్ 15 ఉత్సవమప్పుడు, బండ్లు కదలవు. వానాకాలం కొండచరియలు విరిగిపడతాయి. అందుకే నా ఓటు దసరాకి. వానలు వెనకపట్టాక ఆకాశం తేటగా ఉండి, పొద్దున్నే 7,120 మీటర్ల త్రిశూల్, 7,816 మీటర్ల నందాదేవి కనిపిస్తాయి. అల్మోరా దసరాలో రావణుడొక్కడే కాదు, ఆయన బంధుబలగమంతా దిష్టిబొమ్మలై ఊరేగుతుంది. పిల్లలకు పండగే.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దునే చేసేసుకోండి. నెల్లూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే న్యూఢిల్లీలో దిగుతాం. కాఠ్‌గోదాం వెళ్ళే రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ రాత్రిపూట పాత ఢిల్లీ స్టేషన్‌లో ఎక్కాలి. ఆటోవాళ్ళతో బేరాలెందుకు, న్యూఢిల్లీ నుంచి ఎల్లో లైన్ మెట్రోలో రెండో స్టేషనే చాందినీ చౌక్, పాత ఢిల్లీ స్టేషన్ దాని పక్కనే. తెల్లారేసరికి కాఠ్‌గోదాం, పట్టాలు అక్కడితో సరి. ఆ పైన జీపులో మూడు నాలుగు గంటలు మలుపులే మలుపులు. వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి, మాత్ర సంగతి డాక్టర్‌ని ముందే అడగండి. ఊపిరాడదేమోనని మావారికి ఒకటే టెన్షన్. అల్మోరా ఎత్తు 1,600 మీటర్ల పైచిలుకే, ఆ ఇబ్బంది మామూలుగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది.

చక్రాల సూట్‌కేసు తీసుకెళ్ళారో, మోయాల్సింది మీరే. రోడ్డు ఇంటిదాకా రాదు. జీపు దిగాక రాతిమెట్లు, కాలిబాట. వీపుకి తగిలించుకునే సంచులే సర్దండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే ఎన్ని మెట్లున్నాయో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మొహమాటపడితే అక్కడికెళ్ళాక ఏడవాలి.

హోటల్ అయితే గది సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ మొదటి రోజంతా ఇంటి పనే, దానికి ఒప్పుకునే బయల్దేరండి. మధ్యాహ్నంలోపే చేరాలి, సాయంత్రం ఆరుకల్లా చీకటి పడుతుంది. తలుపులు బాగా పొట్టి. మావారి నుదుటికి ప్రతిసారీ గుమ్మం తగలాల్సిందే. కింద పశువుల కొట్టం, పైన మనుషుల గదులు, పైకప్పు పలకరాళ్ళతో. తెరవగానే బూజు వాసన గుప్పుమంటుంది. కిటికీలన్నీ తీసి, రజాయిలు (కప్పుకునే దూది బొంతలు) రాళ్ళు పరిచిన ముంగిట్లో ఎండలో పడేయండి. ఆ ఒక్కటీ చేయకపోతే రాత్రంతా తుమ్ములే. తాగే నీళ్ళు కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ నౌలా నుంచి తెస్తారు. ఊటనీటి మీద రాతితో గుడిలా కట్టిన చిన్న బావి అది. చెప్పులు విప్పి వెళ్ళండి, అక్కడ కాళ్ళు కడగడాలూ బట్టలుతకడాలూ వద్దు.

రాత్రి చలికి ఇనుప కుంపట్లో బొగ్గులు రాజేసి గదిలోకి తెస్తారు. చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఎంతో బాగుంటుంది. పడుకునే ముందు మాత్రం దాన్ని బయట పెట్టేయాల్సిందే, ఎవరేమనుకున్నా సరే. తలుపులు మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చీకటి పడ్డాక పిల్లల్ని ముంగిట్లోకి కూడా వదలకండి. చిరుతలు ఊళ్ళోకి వస్తాయి.

తిండి సంగతికి బెంగక్కర్లేదు. వాళ్ళ గహత్ మన ఉలవలే, మడువా మన రాగులే. మనం సంగటి కెలికితే వాళ్ళు రొట్టె కాలుస్తారు. దారిలో గరంపానీ దగ్గర రైతా తినితీరాలి. పెద్ద దోసకాయ తురిమి, పెరుగులో కలిపి, పచ్చి ఆవాలు నూరి వేస్తారు. మొదటి చెంచాకే ముక్కు నుంచి నడినెత్తికి అంటుతుంది. ఆవపెట్టిన పెరుగుపచ్చడి తిన్న మా అత్తగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అన్నం మాత్రం కుక్కర్లోనే పెట్టండి. ఆ ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గిన్నెలో బియ్యం ఎంతకీ ఉడకవు. గూడూరు నిమ్మకాయలు, గోంగూర పచ్చడి, మలైకాజా పట్టుకెళ్ళండి. పచ్చడి సీసా మూతకి టేపు చుట్టండి. చేపల పులుసు ఇక్కడే తినేసి బయల్దేరండి. పూజ రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా వంటింట్లోకి రానివ్వరు.

పెద్దవాళ్ళకు 'పైలాగ్' అని నమస్కరించడం పిల్లలకు రైల్లోనే నేర్పండి. వియ్యపురాలు వదినగారు హిందీలో ఏమన్నా నాకు సగమే అర్థమవుతుంది. మాకు మాట కలిపింది ఐపణ్. గడప మీద ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్ళలో వేళ్ళు ముంచి వేసే ముగ్గు. 2021లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సొంత కళ అనే ముద్ర, వచ్చింది. నేను అలవాటుగా చుక్కలు పెట్టబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని గీత లాగించారు. పనులున్న ఇంట్లో కూర్చుని టీ తాగకండి, ఏదో ఒకటి అందుకోండి.

ఊళ్ళు తిరగడానికి ఒక రోజు చాలు. దేవదారు చెట్ల మధ్య వందకు పైగా గుళ్ళున్న జాగేశ్వర్, దారిలో చితయీలో, న్యాయం చేసే దేవుడని కొలిచే గోలు దేవత గుడి. అక్కడ భక్తులు కోరికలు కాగితం మీద అర్జీలా రాసి కడతారు, తీరితే గంట కడతారు.

తిరిగొచ్చేముందు నీళ్ళ డ్రమ్ములు వంచేయండి, పిండి, పప్పులు పక్కింటివాళ్ళకు ఇచ్చేయండి, రజాయిల్లో వేపాకు పెట్టండి. కావలిలో పంచడానికి అల్మోరా బజార్లో బాల్ మిఠాయి (చక్కెర గుళికలు అద్దిన గోధుమరంగు కోవా బిళ్ళ) కొనుక్కోండి. సింగోడీ మాత్రం ఆకులో చుట్టిన పచ్చి కోవా, ఢిల్లీ చేరేలోపే తినేయాలి.