పై దవడ సైనస్‌లో సిస్ట్‌కి ఎండోస్కోపీ ఆపరేషనా? ముందూ తర్వాతా ఇలా చేయండి

స్కాన్‌లో సిస్ట్ (తిత్తి) అని రాగానే టెన్షన్ పడకండి. సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) లోపలి పొరలో వచ్చే చిన్న నీటితిత్తులు చాలావరకు ఏ ఇబ్బందీ పెట్టవు, వాటిని కదిలించకపోవడమే మేలు. నొప్పి, ముక్కు దిబ్బడ తగ్గకపోతేనో, సిస్ట్ పెరుగుతూ ఎముకను నొక్కుతుంటేనో ఆపరేషన్ మాట వస్తుంది.

ముందుగా పళ్ల డాక్టర్‌కి కూడా చూపించండి, ఎందుకంటే సిస్ట్ పుచ్చిన పన్ను వేరు నుంచి పుట్టిందైతే ఆ పన్ను సంగతి తేల్చకుండా తిత్తి ఒక్కటే తీస్తే మళ్లీ రావచ్చు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

సాధారణంగా పూర్తి మత్తులోనే చేస్తారు. ముక్కురంధ్రంలోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, సైనస్ ద్వారాన్ని వెడల్పు చేసి తిత్తిని తీస్తారు, ముఖం మీద కోత ఉండదు. తీసిన ముక్క బయాప్సీకి (ల్యాబ్‌లో చేసే కణాల పరీక్షకి) వెళ్లిందో లేదో అడగండి.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే. డాక్టర్ సరే అనేదాకా ముక్కు చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి, తల ఎత్తులో పెట్టి పడుకోండి, బరువులెత్తొద్దు. ఉప్పునీటితో ముక్కు కడగమంటే కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు నేరుగా వద్దు. కొద్దిగా రక్తపు చారలు మామూలే. ఆగకుండా రక్తం, కంటివాపు, చూపు మసక, ముక్కులోంచి తేటనీరు కారడం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లిపోండి.