మోటార్‌హోమ్‌లో లిథియం బ్యాటరీ: డబ్బా మారిస్తే సరిపోదు

మోటార్‌హోమ్‌లో రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి ఇంజన్ స్టార్ట్ చేసేది. రెండోది లైట్లు, ఫ్రిజ్, నీళ్ల పంపు, ఫ్యాన్ నడిపే ఇంటి బ్యాటరీ. ఈ రెండోదాన్ని లెడ్ యాసిడ్ నుంచి లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు మార్చాలని చాలామంది అనుకుంటారు. 'పాతది తీసి ఇది పెట్టండి చాలు' అని చాలా డబ్బాల మీద రాసి ఉంటుంది. కొలతల వరకు అది నిజమే. నట్లు విప్పి బిగించడం అరగంట పని, లైట్లూ వెలుగుతాయి. చిక్కులు ఆ తర్వాత వారాల్లో వస్తాయి: ఇంజన్ నడిచేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మాడుతుంది, బ్యాటరీ ఎంతకీ నిండదు, చలి పొద్దున ఛార్జ్ ఎక్కదు. అందుకే బ్యాటరీ కొనేముందు దానికి కరెంటు పెట్టేవీ, దాని నుంచి కరెంటు తీసేవీ ఒకసారి లెక్క చూసుకోవాలి.

రోజుకు ఎన్ని ఆంపియర్ అవర్లు?

కాగితం మీద రాసుకుంటే పది నిమిషాల్లో తేలుతుంది. 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజులో సగం సమయం నడిస్తే 540 వాట్ అవర్లు, అంటే 12.8 వోల్టుల దగ్గర 42 ఆంపియర్ అవర్లు. 2 ఆంపియర్ల ఫ్యాన్ రాత్రి 8 గంటలు తిరిగితే 16. మూడేసి వాట్ల ఎల్‌ఈడీ లైట్లు ఆరు, 5 గంటలు వెలిగితే 7. పంపు రోజంతా కలిపి 20 నిమిషాలకు మించి నడవదు కాబట్టి 2. ఇన్వర్టర్ మీద 60 వాట్ల ల్యాప్‌టాప్ 3 గంటలు వాడితే, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపి 17. మొత్తం 84.

లెడ్ యాసిడ్‌ను సగానికి మించి వాడితే త్వరగా చచ్చిపోతుంది. ఈ 84 కోసం దాదాపు 170 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు, అంటే సుమారు 50 కిలోల బరువు మోయాలి. లిథియంలో 80 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి 11 నుంచి 13 కిలోలు తూగుతుంది, ఒక రోజు దాదాపు గట్టెక్కిస్తుంది. మబ్బు పట్టినా రెండు రోజులు ఒకేచోట ఆగాలంటే 200 పెట్టుకోవాలి.

గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్ ఉంటే ఈ లెక్క పనిచేయదు. 12 వోల్టుల మీద అది ఆగకుండా 10 నుంచి 15 ఆంపియర్లు తాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీని పది గంటల లోపే ఖాళీ చేసేస్తుంది. బండి నడుస్తున్నప్పుడు మాత్రమే ఆ ఫ్రిజ్‌కు కరెంటు వెళ్లేలా ఇగ్నిషన్ రిలే (కరెంటుతో దానంతట అదే పడే స్విచ్) ఉందో లేదో ముందు చూడండి.

ఆల్టర్నేటర్ ఎందుకు మాడుతుంది

పాత బళ్లలో ఇంజన్ బ్యాటరీకీ ఇంటి బ్యాటరీకీ మధ్య ఒక రిలే ఉంటుంది. ఇంజన్ నడుస్తుంటే రెంటినీ కలుపుతుంది. లెడ్ యాసిడ్ నిండేకొద్దీ తనంతట తానే తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఆ ఏర్పాటు చక్కగా నడిచింది. లిథియం లోపలి నిరోధం చాలా తక్కువ. ఎంత ఇస్తే అంత, దాదాపు నిండేదాకా లాగుతూనే ఉంటుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది, అంటే తక్కువ గాలికి ఎక్కువ వేడి. వైండింగూ డయోడ్లూ పోయేది అక్కడే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ మధ్యలో బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే లోపలి సర్క్యూట్) ఒక్కసారిగా కరెంటు తెగ్గొడితే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఎగసి డయోడ్లను కొట్టేయవచ్చు.

దీనికి మందు డీసీ టు డీసీ ఛార్జర్. అది ఎంత కరెంటు తీసుకోవాలో తానే కట్టడి చేసి, లిథియంకు కావలసిన వోల్టేజ్ ఇస్తుంది. మామూలు బండికి 30 ఆంపియర్లది చాలు. ఆల్టర్నేటర్ 150 ఆంపియర్లది కదా అని 60 పెట్టాలన్న ఉబలాటం వద్దు, ఆ 150 అనేది చల్లగా ఉండి వేగంగా తిరిగేటప్పటి సంఖ్య. కొత్త బళ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఇంధనం ఆదా కోసం వోల్టేజ్‌ను తామే దించేస్తుంటాయి. ఇంజన్ నడుస్తోందన్న సంగతి వోల్టేజ్ చూసి తెలుసుకునే ఛార్జర్ అప్పుడు మధ్యమధ్య ఆగిపోతుంది. అలాంటి బండిలో ఛార్జర్‌కు ఇగ్నిషన్ సిగ్నల్ వైరు తప్పకుండా కలపాలి. పాత రిలేను తీసేయడం మరిచిపోవద్దు. అది అలాగే ఉంటే రెండు బ్యాటరీలూ నేరుగా కలిసిపోతాయి, ఛార్జర్ తన అవుట్‌పుట్‌ను తన ఇన్‌పుట్‌కే తిప్పి పంపుతూ కూర్చుంటుంది.

వైరు, ఫ్యూజ్

రాగి వైరులో వోల్టేజ్ తగ్గుదలకు ఈ లెక్క చాలు: 0.0175 ను రానూపోనూ మొత్తం పొడవుతో (మీటర్లలో), ఆంపియర్లతో గుణించి, వైరు మందంతో (స్క్వేర్ ఎంఎం) భాగించండి. ఇంజన్ బ్యాటరీ నుంచి ఛార్జర్ దాకా 5 మీటర్లు అనుకుందాం, రానూపోనూ 10. 30 ఆంపియర్లు బయటికి ఇచ్చే ఛార్జర్ లోపలికి 40 దాకా తీసుకుంటుంది. 10 స్క్వేర్ వైరులో 0.7 వోల్టులు పోతాయి, 16 స్క్వేర్‌లో 0.44. కాబట్టి 16 వేయండి. ఛార్జర్‌ను మాత్రం ఇంటి బ్యాటరీకి దగ్గరగా బిగించండి. వచ్చే వైపు తగ్గుదలను అది సరిచేసుకోగలదు. పోయే వైపు తగ్గితే బ్యాటరీ నిండకముందే నిండిందనుకుంటుంది.

ఈ వైరుకు రెండు చివరలా 60 ఆంపియర్ల ఫ్యూజ్ కావాలి. ఒక్క చివరే పెట్టి వదిలేయడం ఎక్కువగా కనిపించే తప్పు. రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది కదా, మధ్యలో ఎక్కడ రాపిడికి తగిలినా రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది. ఫ్యూజ్ బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. రేకులోంచి వైరు తీసే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ వేసి, అరమీటరుకు లోపే ఒక్కో క్లిప్ బిగించండి.

ఇంటి బ్యాటరీ మెయిన్ ఫ్యూజ్ దగ్గర పిసినారితనం పనికిరాదు. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా వస్తాయి. చవక ఫ్యూజ్ కరిగాక కూడా ఆ ఖాళీలో నిప్పు రవ్వ వంతెనలా నిలిచి కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. 20,000 ఆంపియర్లను తెంచగల క్లాస్ టి, లేదా టెర్మినల్ మీదే కూర్చునే 10,000 ఆంపియర్ల ఎంఆర్‌బీఎఫ్ రకం వాడండి.

1000 వాట్ల ఇన్వర్టర్ నిండా నడిస్తే 90 నుంచి 100 ఆంపియర్లు లాగుతుంది. మీటరున్నర దూరంలో పెట్టి 35 స్క్వేర్ కేబుల్, 150 ఆంపియర్ల ఫ్యూజ్ వేస్తే సరిపోతుంది. అయితే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో బీఎంఎస్ పరిమితి తరచుగా 100 ఆంపియర్లే. అంచున నడుస్తున్నట్టే లెక్క, మిక్సీ మోటారు స్టార్ట్ అవగానే అంతా ఆరిపోవచ్చు. ఒకే బ్యాటరీ మీద 2000 వాట్ల ఇన్వర్టర్ పెట్టడం డబ్బు దండగ.

లగ్‌లను (వైరు కొసకు తొడిగే లోహపు రింగులను) సుత్తితో కొట్టీ, పట్టకారుతో నొక్కీ బిగించవద్దు. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగండి. టెర్మినల్ మీద లగ్ నేరుగా ఆనాలి. వాషర్లు లగ్ పైన రావాలి గానీ, లగ్‌కూ టెర్మినల్‌కూ మధ్య రాకూడదు. స్టీలు వాషర్ మధ్యలో ఇరికితే ఆ చోటే వేడెక్కుతుంది.

మార్చే వరుస

1. బయటి కరెంటు ప్లగ్ తీయండి. సోలార్ ఉంటే ముందు ప్యానెల్ వైర్లు కంట్రోలర్ నుంచి విడదీయండి. ప్యానెల్ కలిపి ఉండగా బ్యాటరీ తీస్తే కొన్ని కంట్రోలర్లు చెడిపోతాయి.
2. ఫోన్‌తో వైర్ల ఫొటోలు తీసుకుని, ప్రతి వైరుకూ టేపు మీద పేరు రాయండి.
3. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. ఉంగరం, గడియారం తీసేయండి, స్పానర్ పిడికి టేపు చుట్టండి.
4. కొత్త బ్యాటరీని పట్టీతో కాదు, బ్రాకెట్‌తో నేలకు బిగించండి. గట్టి బ్రేకు పడినప్పుడు 12 కిలోలు ఎగిరొస్తాయి.
5. నెగటివ్ మీద షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును కొలిచి మీటర్‌కు చెప్పేది) పెట్టండి. షంట్‌కు ఒకవైపు బ్యాటరీ మాత్రమే, రెండోవైపు మిగతా అన్ని నెగటివ్‌లూ, ఛాసిస్ ఎర్త్‌తో సహా.
6. పాజిటివ్ ముందు కలిపి, నెగటివ్ ఆఖర్న కలపండి. ఇన్వర్టర్ కెపాసిటర్ల వల్ల పెద్ద మెరుపు రాకుండా, 25 నుంచి 50 ఓమ్‌ల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు ఆనించి, ఆ తర్వాత లగ్ బిగించండి.
7. చివర్న ప్యానెల్ వైర్లు.

అయిదో మెట్టులోనే చాలామంది జారుతారు. ఒక్క నెగటివ్ వైరు బ్యాటరీ పోస్టు మీదే ఉండిపోయినా మీటర్ ఆ కరెంటును చూడదు. లిథియంలో వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. 40 శాతం దగ్గరా, 80 శాతం దగ్గరా తేడా రెండు మూడు పదో వంతుల వోల్టులే. పాత వోల్ట్‌మీటర్ అన్నిటికీ 'ఫుల్' అనే అంటుంది.

రెండు బ్యాటరీలు సమాంతరంగా పెడుతుంటే రెంటినీ విడివిడిగా పూర్తిగా నింపి, వోల్టేజ్ తేడా 0.1 లోపు ఉన్నాకే కలపండి. పాజిటివ్‌ను మొదటి బ్యాటరీ నుంచి, నెగటివ్‌ను రెండోదాని నుంచి తీయండి, అప్పుడే రెండూ సమానంగా పనిచేస్తాయి. లిథియం పక్కన పాత లెడ్ యాసిడ్‌ను కలిపి ఉంచాలన్న పొదుపు ఆలోచన మానుకోండి.

ఛార్జర్ సెట్టింగులు

సోలార్ కంట్రోలర్, బయటి కరెంటు ఛార్జర్, డీసీ ఛార్జర్ మూడింట్లోనూ ఒకటే పెట్టండి: ఛార్జింగ్ 14.2 నుంచి 14.4 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలబెట్టే వోల్టేజ్) 13.5, ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్‌కు అప్పుడప్పుడూ ఇచ్చే ఎక్కువ వోల్టేజ్ ఛార్జ్) ఆపేయాలి, టెంపరేచర్ కాంపెన్సేషన్ సున్నా. బ్యాటరీ కంపెనీ వేరే అంకెలిస్తే వాటినే పాటించండి. లెడ్ యాసిడ్‌కు చలిలో వోల్టేజ్ పెంచాలి కాబట్టి ఛార్జర్లు డిగ్రీకి దాదాపు 24 మిల్లీవోల్టులు కలుపుతాయి. 5 డిగ్రీల దగ్గర 14.4 కాస్తా 14.88 అవుతుంది, బీఎంఎస్ తెగ్గొడుతుంది. ఎప్పుడూ 13.6 మాత్రమే ఇచ్చే పాత కన్వర్టర్ (బయటి కరెంటును 12 వోల్టులకు మార్చే పెట్టె) ఉంటే దానిదీ వేరే తలనొప్పి. బ్యాటరీ నెమ్మదిగా ఎక్కుతుంది గానీ లోపలి సెల్స్ సమం కావు, నెలలు గడిచేకొద్దీ సామర్థ్యం తగ్గినట్టు కనిపిస్తుంది.

సున్నా డిగ్రీల కింద లిథియంను ఛార్జ్ చేయకూడదు. లిథియం లోహంగా లోపల పేరుకుపోతుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. చలికి ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ ఉందో లేదో కొనేముందే అడగండి. వీలైతే బ్యాటరీని బయటి పెట్టెలోంచి బండి లోపలికి మార్చండి.

బ్యాటరీ పూర్తిగా అయిపోతే మల్టీమీటర్‌లో సున్నాకు దగ్గరగా చూపించవచ్చు. చచ్చిపోయిందని పారేయకండి, బీఎంఎస్ నిద్రపోయింది అంతే. వోల్టేజ్ కనిపించకపోతే మొదలవని ఛార్జర్లు దాన్ని లేపలేవు, లిథియం వేక్ అప్ సౌకర్యం ఉన్న ఛార్జర్ కావాలి.

చివరి పరీక్ష

ఇన్వర్టర్ మీద హీటర్ లాంటిది పెట్టి 80 ఆంపియర్లు పది నిమిషాలు లాగించండి. ఆ లోడ్ ఉండగానే మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ పోస్టు మీద, రెండోదాన్ని లగ్ మీద ఆనించండి. 50 మిల్లీవోల్టులు దాటితే ఆ ఒక్క కీలులోనే 4 వాట్ల వేడి పుడుతోందని అర్థం. విప్పి, శుభ్రం చేసి, కంపెనీ చెప్పిన టార్క్‌కు మళ్లీ బిగించండి. బండి కదలికకు నట్లు వదులవుతాయి కాబట్టి ఇదే పరీక్ష మొదటి ప్రయాణం నుంచి తిరిగొచ్చాక ఇంకోసారి చేయండి. బండిని నెలల తరబడి ఆపేస్తే బ్యాటరీని సగం ఛార్జ్‌తో మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి ఉంచండి. గ్యాస్ అలారం, రేడియో కలిసి 100 మిల్లీఆంపియర్లు తాగినా, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలోని ఆ సగం మూడు వారాల్లో ఆవిరైపోతుంది.