వైర్‌గార్డ్ ఫైళ్లు ఎక్కువయ్యాయా? కమాండ్ లైన్లో గుర్తులు పెట్టుకోవడం ఇలా

వైర్‌గార్డ్ ఒక వీపీఎన్ సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో దాని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లు ఈటీసీ లోపలి వైర్‌గార్డ్ ఫోల్డర్లో ఉంటాయి. ఫైలు పేరే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరు. అందుకే చివరి డాట్ కాన్ఫ్ కాక 15 అక్షరాలు దాటినా, మధ్యలో ఖాళీ ఉన్నా, టన్నెల్‌ను (వీపీఎన్ కనెక్షన్‌ను) నడిపే డబ్ల్యూజీ-క్విక్ కమాండ్ ఒప్పుకోదు. వివరాలన్నీ పేరులో కుక్కకండి.

ఫైలు పైభాగంలో # తో లైన్లు రాయండి: # దేశం: జర్మనీ, # గడువు: 2027-03-31. వైర్‌గార్డ్ వీటిని పట్టించుకోదు. అన్ని ఫైళ్లలో ఒకే మాట వాడాలి. ఒకచోట గడువు, ఇంకోచోట చివరి తేదీ అంటే వెతకలేరు.

వెతకడానికి సుడోతో (అడ్మిన్ హక్కులతో) గ్రెప్ అనే వెతుకులాట కమాండ్, -ఆర్ ఆప్షన్, వెతికే మాట, ఫోల్డర్ పేరు చాలు. ఫోల్డర్ పేరు చివర నక్షత్రం గుర్తు (*) పెడితే తరచూ ఏమీ దొరకదు. దాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పేది మీ షెల్ (మీ కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్), దానికేమో ఆ ఫోల్డర్ చదివే హక్కు ఉండదు.

అసలు చిక్కు ఫైల్లో సేవ్‌కాన్ఫిగ్ = ట్రూ అనే లైను ఉంటేనే. టన్నెల్ ఆపగానే ఫైలు కొత్తగా రాయబడి మీ # లైన్లన్నీ పోతాయి. ముందు టన్నెల్ ఆపి, ఆ లైను తీసేసి, తర్వాతే గుర్తులు రాయండి.

ప్రైవేట్ కీ ఈ ఫైల్లోనే ఉంటుంది. అనుమతులు 600 (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) చేయండి, గిట్‌లో (కోడ్ దాచే చోట) పెట్టకండి.