బెంగళూరు ఇంట్లో గ్రోవర్ షాంపేన్: ఎంపిక నుంచి గ్లాసు దాకా

గ్రోవర్ షాంపేన్ అంటే బ్రాండ్ పేరు కాదు, ద్రాక్ష పండించినవాళ్లే (ఇంగ్లిష్‌లో grower) తయారుచేసిన షాంపేన్. ముందు లేబుల్ అంచున చిన్న అక్షరాల్లో ఉండే కోడ్ చూడండి. ఆర్‌ఎం అంటే ద్రాక్ష పండించిన కుటుంబమే వైన్ కూడా చేసిందని. ఎన్‌ఎం అంటే ద్రాక్ష బయట కూడా కొనే సంస్థ. లేబుల్ మీద బ్రూట్ అని ఉంటే చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపు, ఎక్స్‌ట్రా బ్రూట్ అని ఉంటే 6 లోపు. వెనక డిస్‌గోర్జ్‌మెంట్ తేదీ, అంటే ఈస్ట్ మడ్డి తీసేసిన రోజు, వేసిన సీసా దొరికితే అదే తీసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో అటక మీద అస్సలు పెట్టొద్దు. వేడికి రుచి త్వరగా ముదిరిపోతుంది. వెలుతురు తగలని చల్లని అలమర మేలు.

బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడదాకా 30 నిమిషాలు ముంచండి. 8 నుంచి 10 డిగ్రీలు చాలు. ఉత్త ఐసు గాజుకు సరిగా ఆనదు, ఆలస్యమవుతుంది. ఫ్రీజర్‌లో మరచిపోతే సీసా పగలొచ్చు.

లోపలి ఒత్తిడి కారు టైరుకు రెట్టింపు పైనే. అందుకే బిరడాను పట్టి ఉంచే తీగను 6 అరచుట్లు వదులు చేశాక కూడా బొటనవేలు బిరడా మీదే ఉండాలి. తీగ తీయకుండా, సీసాను 45 డిగ్రీలు వంచి, బిరడాను గట్టిగా పట్టుకుని సీసానే తిప్పండి. పొంగిపోతోందంటే సరిగా చల్లబడలేదు, లేదా బాగా కుదిపారు. గ్లాసులో సబ్బు జిడ్డు మిగిలితే బుడగలు నిలవవు.