సంచి కింద మండిన చర్మం: నా అనుభవం

పెద్దపేగు చివర ఉన్న గడ్డను హైదరాబాదులో తొలగించినప్పుడు, లోపలి కుట్టు మానేవరకు మలం అటు వెళ్లకుండా చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి అక్కడ మలం చేరడానికి తాత్కాలికంగా సంచి అమర్చారు. ముందురోజు పేగును శుభ్రపరిచే పొడిని 2 లీటర్ల నీటిలో కలిపి, చల్లబరిచి గుక్కగుక్కగా తాగాను.

అసలు బాధ దేవరకొండకు తిరిగి వచ్చాక, మూడో వారంలో మొదలైంది. సంచి చుట్టూ చర్మం ఎర్రబడి రసి కారుతుంటే, కారకుండా అంచులకు ప్లాస్టరు వేస్తూ పోయాను, అది పొరపాటు. ఆసుపత్రి నర్సమ్మ ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, సంచిని చర్మానికి అంటించే పట్టీలో పేగు కోసం రంధ్రం ఎంత కత్తిరిస్తున్నారని. బయటికి తెచ్చిన పేగు వాపు మొదటి 6 నుంచి 8 వారాల పాటు తగ్గుతూ ఉంటుంది. నేను పాత కొలతనే వాడుతున్నందువల్ల మిగిలిన సందులో జీర్ణరసాలు చేరి చర్మాన్ని కాలుస్తున్నాయి. ప్రతిసారీ కొలిచి, పేగు కన్నా 2 మిల్లీమీటర్లే ఎక్కువగా కత్తిరించి, గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే అంటించి, మూడోవంతు నిండగానే ఖాళీ చేయసాగాను. వారంలో మంట తగ్గింది.

మా నల్లగొండ ఎండల్లో మరొక ప్రమాదం నీరు, ఉప్పు కోల్పోవడం. వట్టి నీళ్లు ఎక్కువగా తాగితే సంచి మరింత నిండుతుంది కాబట్టి డాక్టరు చెప్పినట్లు ఓఆర్ఎస్ తాగాను, మెత్తని మజ్జిగన్నం తిన్నాను. మూత్రం తగ్గినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జొన్నరొట్టెను 6 వారాల తరువాతే, బాగా నమిలి, కొద్దికొద్దిగా మొదలుపెట్టాను.